నెక్కొండ పులి – నేటి ఛాయాగ్రాహకులు

భావి జీవితమును గూర్చి ప్రశ్నించినచో మన విద్యార్థులు ఇంజనీరు, డాక్టరు, ఉపాధ్యాయుడు అను మూడు మాటలతో ముగింతురు. అడవులలో తిరిగి జంతువుల ఛాయాచిత్రములు తీయుదునని ఎవరైన అన్నచో ఇంటిలోని పెద్దలు నవ్వుదురు. ఆ నవ్వు అకారణము కాదని మేమును ఎరుగుదుము. అయినను ఈ విషయమున మన వరంగల్లు గడ్డకు ఒక పాత కథ కలదు. దానిని విన్న పిదప నవ్వవచ్చును.

1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జను ప్రభువు నెక్కొండ సమీపమున విడిది చేసి పులులను వేటాడెను. మొదటినాటి వేటలో చచ్చిన పులి చెంత కర్జను దంపతులు నిలిచిన ఛాయాచిత్రము నేటికిని పుస్తకములందు కనిపించుచున్నది. అది రాజా దీన్‌దయాళ్ చిత్రశాల పని. మీరట్ ప్రాంతపు సర్ధనలో 1844లో జన్మించిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. కెమెరా ఆ తరువాత చేతికి వచ్చినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని మన ఉర్దూ తరగతి మిత్రులకు చెప్పనక్కరలేదు. జంగ్ అనగా యుద్ధము. గాజు పలకలను, బరువైన కెమెరాను అడవులకు మోయించినవానికి ఆ మాటయు తగినదే!

చచ్చిన పులిని తీసినందుకు ఆయనను మేము నిందింపజాలము. ఆనాటి కెమెరాకు కదలని వస్తువు కావలెను; పోషించు ప్రభువులకు వేట గుర్తు కావలెను. ప్రాణమున్న పులిని చీకటిలో పట్టిన ఘనత అటవీశాఖాధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్‌ది. పులి నడచు బాటకు అడ్డముగా తీగ కట్టి, కాలు తగిలినంతనే మెరుపుదీపము వెలిగి చిత్రము పడునట్లు ఆయన అమర్చెను. ఆ చిత్రములతో 1927లో పుస్తకము వెలువడినది. మదరాసు వాసి ఎం. కృష్ణన్ 1950 నుండి 1996లో మరణించు వరకు ‘స్టేట్స్‌మన్’ పత్రికకు ప్రకృతి వ్యాసములు వ్రాయుచు, ఏనుగులను నలుపు తెలుపులలో చిత్రించి 1970లో పద్మశ్రీ నందెను.

ఒకరికి నక్షాలు, ఒకరికి అటవీశాఖ, ఒకరికి కలము – ఏదో ఒక ఆధారము లేక ఎవరును కెమెరాను నమ్ముకొనలేదు. కావున పెద్దల భయము సగము నిజము. నేడు చిత్రములు తీయుట సులభమైనది. అందుచేతనే వాని వెల పడిపోయినది. పొడవైన కటకము కొన్నవాడు పక్షి గూటి దాపునకు పోయి పిల్లలను బెదరించి తీసిన బొమ్మను మేము కళ యనము. అడుగుజాడ చూచి జంతువును గుర్తింపగలవానికే అడవిలో పని కలదు. చాంపియన్ తీగ నేడు కెమెరా ట్రాప్ అయినది. ఏ రెండు పులుల చారలును ఒక్కరీతిగా ఉండవు. కావున 2006 నుండి నాలుగేండ్లకొకసారి జరుగు పులుల లెక్కింపు ఈ చిత్రములపై ఆధారపడుచున్నది. అమ్రాబాదు, కవ్వాల్ అడవులలో ఆ చిత్రములను చదువుటకు జంతుశాస్త్రము ఎరిగినవారు కావలెను. ముందు డిగ్రీ, పిదప కెమెరా అని మా అభిప్రాయము.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. గణపతిదేవుని కాలమున కట్టిన పాకాల చెరువు నెక్కొండకును మనకును పెద్ద దూరము కాదు. రెండు బైనాక్యులర్లు కొని, జంతుశాస్త్ర విద్యార్థులను ఏటేట అచటికి పంపుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అభయారణ్యమున ప్రవేశమునకు, చిత్రములు తీయుటకు అటవీశాఖ అనుమతి అవసరము. విద్యార్థులు విడివిడిగా తిరుగుటకంటె ప్రిన్సిపాల్‌గారి లేఖ ఒక్కటి మేలు. అది నవంబరు లోపల పోయినచో, వలస పక్షులు ఉండగానే పిల్లలు చెరువుగట్టు చేరగలరు.