బూడిద రంగు ఎవరి పక్షం?

ఈ వారం ప్రింటర్ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి.

ఏప్రిల్ 14 దగ్గరపడితే మన పిల్లలు ఫొటో ప్రదర్శనలు పెడతారు. నెల్లూరు తీరంలో ఉప్పు మడుల్లో, రొయ్యల గుంటల గట్ల మీద, పులికాట్ ఒడ్డున తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు. స్టూడియోలో "వార్మా, కూలా?" అని అడిగితే "మీ ఇష్టం అన్నా" అనేసి వస్తాం. ఆ "మీ ఇష్టం" దగ్గరే నా పేచీ.

వార్మ్ అంటే బూడిద రంగు గోధుమ వైపు ఒరగడం. కూల్ అంటే నీలం వైపు ఒరగడం. మధ్యలో ఉన్నదాన్ని న్యూట్రల్ అంటారు. కానీ పిగ్మెంట్ ఇంకులో నలుపంటే మసి, కార్బన్. పల్చన చేస్తే దాని సొంత రంగు గోధుమే. దాన్ని "న్యూట్రల్" చెయ్యాలంటే వేరే రంగులు కలపాలి. అంటే తటస్థం కూడా ఎవరో కలిపి తయారు చేసిందే. ఈ సంగతి మనకి కొత్తా?

ఊళ్ళో స్టూడియోల్లో ఎక్కువగా ఆరు రంగుల ట్యాంక్ ప్రింటర్లుంటాయి. వాటిలో నలుపు ఒక్కటే. లేత బూడిద కావాలంటే సయాన్, మెజెంటా, పసుపు చుక్కలు కలవాలి. పాళ్ళు తప్పితే మన అవ్వ మొహం పచ్చగానో ఊదాగానో తిరుగుతుంది. ట్యూబ్‌లైట్ కింద బాగున్నది ఎండలో మారిపోతుంది. మిలమిల మెరిసే కాగితం సంగతి సరేసరి. పంచెకి నీలిమందు పెట్టినట్టు దానికి బ్రైటెనర్ పెడతారు. ఆ తెలుపు మీద నల్లటి మనిషి చలికి బిగుసుకుపోయినట్టు కనబడతాడు.

అలాగని సెపియా కొట్టించకండి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ మన జనం ముక్కులూ తలలూ కొలిచాడు. 1909లో కులాల మీద 7 సంపుటాలు ఫొటోలతో అచ్చేశాడు. యానాదులూ అందులో ఉన్నారు. ఈ రోజు ఉప్పు మోస్తున్న మనిషికి పాత గోధుమ రంగు పూస్తే, ఆమె కష్టం ఎప్పుడో అయిపోయిన కథలా కనబడుతుంది. చూసేవాడు "అయ్యో, ఆ రోజులు" అని నిట్టూర్చి ఇంటికెళ్తాడు. కూలి రేటు గురించి అడగడు.

"విషయం ముఖ్యం గానీ రంగేంది?" అంటారు కొందరు. రంగు ముఖ్యం కాకపోతే కొడాక్ కంపెనీ ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్ల అమ్మాయి మొహమే ఎందుకుంది? ఆ చర్మానికి సరిపోతేనే ప్రింటు సరిపోయినట్టు లెక్క.

కాబట్టి స్టూడియోలో నిలబడండి. ఒకే మొహాన్ని చిన్న ముక్కల మీద కూల్ నుంచి వార్మ్ దాకా ఐదు రకాలుగా వేయించండి. ఒక రోజు ఆరనివ్వండి. ప్రదర్శన జరిగే హాలు దీపాల కిందే చూడండి. నా ఓటు బ్రైటెనర్ లేని మ్యాట్ కాగితానికీ, కొద్దిపాటి వార్మ్‌కీ. ప్రదర్శన మొత్తానికి ఒకటే టోన్ ఉండాలి. మొహం తేటగా కనబడాలని బ్రైట్‌నెస్ మాత్రం పెంచనివ్వొద్దు. నీడల్లో వివరం కనబడాలి, చర్మం తెల్లబడకూడదు.

ఫొటోలో ఉన్న మనిషికే ముందు ఆ ఐదు ముక్కలూ చూపించండి. "ఇది నేనే" అని ఏది పట్టుకుంటే అదే మన న్యూట్రల్.

జై భీమ్.