పొద్దుటి ఆకలికి జవాబేది?

బడిలో పొద్దున ఫలహారం పెట్టాలనగానే "మళ్లీ ఉచితాలా?" అని మూతి విరిచేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు ఇడ్లీ తినే బస్సెక్కుతారు. మన పల్లెల్లో నాట్ల కాలంలో, పత్తితీతల్లో తల్లి తెల్లారకముందే ఆటో ఎక్కాలి. రాత్రన్నం మిగిలితే పిల్ల తింటుంది, లేకుంటే మధ్యాహ్నం దాకా పస్తే.

బడిలో వండిన భోజనం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. అది మధ్యాహ్నపు ఆకలికి. ఫలహారమూ కావాలని 2020 జాతీయ విద్యావిధానంలో కేంద్రమే రాసుకుంది. రాతకేం ఖర్చు? 2021లో భోజన పథకానికి 'పీఎం పోషణ్' అని పేరు మార్చారు గాని, ఫలహారానికి పైసా విదల్చలేదు.

తమిళనాడు ఢిల్లీ కోసం కూర్చోలేదు. 2022 సెప్టెంబర్ 15న మదురైలో మొదలుపెట్టి, తొలుత 1,545 బడుల్లో 1.14 లక్షల మందికి ఉప్మా, కిచిడీ, పొంగలి వండిపెట్టింది. ఐదో తరగతి దాకానే. 2023 ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ, 2024లో పల్లెల్లోని ఎయిడెడ్ బడులకు, 2025లో పట్టణాల ఎయిడెడ్ బడులకూ చేర్చింది. అక్కడా అంతా సజావుగా లేదు. 2023 సెప్టెంబర్‌లో కరూర్ జిల్లాలో దళిత మహిళ వండిందని కొందరు తమ పిల్లల్ని తిననియ్యలేదు. కలెక్టరే వెళ్లి తిని, కేసు పెడతానని హెచ్చరించాల్సొచ్చింది. పథకం పెట్టగానే పిల్లలంతా పళ్లెం ముందు కూర్చుంటారనుకోవద్దు.

మరి మన దగ్గర? తెలంగాణలో 2023 అక్టోబర్ 6న పదో తరగతి దాకా ఫలహారమన్నారు. మూడు రోజులకే ఎన్నికల షెడ్యూలు వచ్చింది! ప్రభుత్వం మారాక అది సాగలేదు. ఆంధ్రలో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ పోశారు. మంచిదే, కాని గ్లాసెడు జావ ఫలహారమౌతుందా?

వేళ సంగతి కూడా చూడాలి. అమెరికాలో ఈ పథకం 1966లో మొదలై 1975లో శాశ్వతమైంది. అయినా మధ్యాహ్న భోజనం తినేవాళ్లకంటే పొద్దున తినేవాళ్లు బాగా తక్కువ. గంటకు ముందే పెట్టి ముగిస్తే ఆలస్యమైన పిల్లకు దక్కదు. గంట కొట్టాక తరగతిలోనే పెట్టిన చోట తినేవాళ్లు పెరిగారు. తమ్ముణ్ణి తయారుచేసి, పశువుకు నీళ్లు పెట్టి వచ్చే మన ఆడపిల్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఇక పొయ్యి వెలిగించేదెవరు? వంటమ్మకు కేంద్రం 2009లో కట్టిన లెక్క నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆ పైన రాష్ట్రం ఇచ్చేది కలిపినా కూలిరేటుకు చాలదు. ఫలహారమంటే ఆమె ఇంకా చీకట్లోనే లేవాలి. పిల్లల తిండి అడిగే అర్జీలోనే ఆమె పొద్దుటి పనికి వేరే కూలి కూడా రాయండి.