పెద్ద మాటకు రెండు కోతలు

ఇంగ్లిష్‌లో పొడుగు మాట కనపడితే మనం చేసే పని ఒకటే. మొదటి నాలుగక్షరాలు చదివి, మిగతాది ఊహించుకొని ముందుకు పోతాం. యాప్ టర్మ్స్ అయితే నడుస్తది. మెడికల్ రిపోర్ట్ అయితే నడవదు.

మా మంచిర్యాల దిక్కు శ్రీరాంపూర్, మందమర్రిల్లో బాయి పని చేసినోళ్లున్న ఇండ్లకు తెలియాల్సిన మాట ఒకటుంది: న్యూమోకోనియోసిస్. ముందు పలుకుదాం. న్యూ-మో-కో-ని-ఓ-సిస్. ఆరు ముక్కలు. నోరు తిరిగింది గానీ అర్థం చిక్కలేదు. ఎందుకంటే ఇది నోటి కోసం వేసిన కోత.

ఇప్పుడు అర్థం కోసం కోద్దాం. న్యూమో, కోని, ఓసిస్. మూడే ముక్కలు, మూడూ గ్రీకువే. న్యూమో అంటే ఊపిరితిత్తులు, న్యుమోనియాలో ఉన్నదీ అదే. కోని అంటే దుమ్ము. ఓసిస్ అంటే జబ్బు స్థితి. టీబీ పూర్తి పేరు ట్యూబర్‌క్యులోసిస్ చివర్ల కూడా అదే ఉంది. మొత్తం కలిపితే ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని వచ్చే జబ్బు. బాయిలో ఆ దుమ్ము బొగ్గుది.

ఈ రెండు కోతలు ఒక్కచోటే పడాలని లేదు. హెలికాప్టర్‌ను హె-లి-కాప్-టర్ అని పలుకుతాం. అసలు కట్టు మాత్రం హెలికో, ప్టర్. మెలిక తిరిగే రెక్క అన్నమాట. 'ప్' రెండో ముక్కది, నోరు దాన్ని మొదటి దాంట్లోకి లాక్కుంది.

ఇదంతా మనకు కొత్తేం కాదు. బడిలో విద్యాలయాన్ని వి-ద్యా-ల-యం అని చదివినం, సంధి విడదీయమంటే విద్య + ఆలయం అని రాసినం. గణాలు గుర్తించేది ఒక కోత, సంధి విడదీసేది ఇంకో కోత. అదే పని ఇంగ్లిష్ మాట మీద చేస్తే సరిపోతది.

క్విజ్‌లలో అడిగే 45 అక్షరాల ఇంగ్లిష్ మాట గుర్తుందా? అమెరికాలో పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో సరదాగా అల్లింది. దాని చివర ఉన్నది కోనియోసిసే. లోకానికి అది పజిల్, బొగ్గు ఊర్లకు దగ్గు.

ఒక జాగ్రత్త. డయాగ్నోసిస్ చివర కూడా ఓసిస్ వినపడ్తది, కానీ అది జబ్బు కాదు. అక్కడి ముక్క గ్నోసిస్, అంటే తెలుసుకోవడం. అందుకే కోసి చూసినంక డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లో బాపు రిపోర్ట్‌లో ఈ మాట కనపడితే "ఇది బాయి దుమ్ముతో వచ్చిందేనా?" అని సూటిగా అడగండి. ఇది డాక్టర్ అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు. మాట అర్థమైతేనే ఆ ప్రశ్న నోట్లోకి వస్తది.