దించుడు నేర్పింది ఎవరు?

డిగ్రీ, బీటెక్ ఆఖరు ఏడాది ప్రాజెక్టు ఎట్ల తయారైతదో అందరికీ ఎరుకే. గూగుల్ల ఎతుకుడు, కాపీ పేస్ట్ చేసుడు, బైండింగ్ చేపిచ్చుడు. పైసలున్నోళ్లు ఆ తిప్పలు గూడ పడరు, అమీర్‌పేట్ పోయి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తరు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చినంక అంత దూరం పోయే పని గూడ లేదు.

"పోరగాళ్లు చెడిపోయిన్రు" అంటున్నరు పెద్దమనుషులు. మరి వీళ్లకు ఇది నేర్పింది ఎవరు? సీనియర్ రికార్డు చూసి దించుమన్నది ఎవరు? గైడ్ల ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులేసింది ఎవరు? ఇంటర్ దాక దించుడే సదువని చెప్పి, డిగ్రీల అదే దొంగతనమంటే ఎట్ల?

రూల్స్ లేవా అంటే ఉన్నయ్. యూజీసీ 2018ల తెచ్చింది. థీసిస్‌ల పోలిక 10 శాతం దాక ఉంటే శిక్ష లేదు. 40 దాక అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇయ్యాలె. 60 దాక అయితే ఏడాది ఆగాలె. అది గూడ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అదే రూల్స్‌ల ఇంకో మాట ఉన్నది: ప్రతి సెమిస్టర్ల పిల్లలకు, సార్లకు దీని మీద అవగాహన కల్పించాలె. మీ కాలేజీల ఎన్నిసార్లు చెప్పిన్రో యాది చేసుకోన్రి. శిక్ష గుర్తుంటది, నేర్పుడు మాత్రం మర్చిపోతరు.

సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల పోలికనే. ఆలోచన ఎవరిదో దానికి తెల్వది. పైసలిచ్చి కొత్తగ రాయించుకున్నోడు తప్పించుకుంటడు. తెలుగు మీడియంల సదివి, ఇంగ్లీషుల రాయలేక నాలుగు పేరాలు ఎత్తిరాసిన ఊరి పిల్ల దొరుకుతది. తప్పు ఇద్దరిదీ, శిక్ష ఒక్కదానికే.

దీన్ని ఆపాలంటే ముందు ప్రశ్న మార్చాలె. "భూగర్భ జలాలు" అని టాపిక్ ఇస్తే నెట్టే రాసిపెడతది. "మీ ఊర్ల ఎన్ని బోర్లు ఎండినయ్? ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డయ్? ఎవరికెంత అప్పైంది?" అని అడిగితే ఇంటింటికీ తిరగాల్సిందే. వైవా తెలుగుల పెట్టాలె. పది నిమిషాలు మాట్లాడిస్తే రాసిందెవరో బయటపడ్తది. గైడ్ చేసెటందుకు సరిపడ లెక్చరర్లను పెట్టాలె. ఇవన్నీ సర్కారు, కాలేజీలు చెయ్యాల్సిన పనులు.

మన పని గూడ ఒకటుంది తమ్మీ, చెల్లే. ఒకరి మాట వాడుకునుడు తప్పు కాదు, వాళ్ల పేరు చెప్పకపోవుడు తప్పు. ఏడ సదివినవో కింద రాయి, మిగిలింది నీకొచ్చిన భాషల రాయి. రేపు ఇంటర్వ్యూల "ఈ ప్రాజెక్టు గురించి చెప్పు" అంటే అమీర్‌పేట్ దుకాణపోడు వచ్చి చెప్పడు. ఇంట్ల మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలం మనం. పట్టా ఒక్కటే చేతికొచ్చి సదువు రాకపోతే, మోసపోయేది కాలేజీ కాదు, మనమే.