సున్నపు కుండ, కుక్కపిల్ల

మా కలికిరి ప్రాంతంలో ఇంటిపనులకు తీరిక దొరికే రోజులూ, వాన కురిసే రోజులూ ఒకటే. నైరుతి వానలు మా పడమటి మండలాలకూ కురుస్తాయి. ఆ తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్యం వైపు నుండి కూడా వాన వస్తుంది. 2021 నవంబరు 19న పింఛా, అన్నమయ్య ప్రాజెక్టుల కట్టలు తెగి చెయ్యేరు ఊళ్లకు ఊళ్లను ముంచిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. అది ఈ కాలపు వానే. క్రిస్మస్‌కు ఇల్లు తెల్లగా కనబడాలన్నా, మిద్దె కారకుండా ఉండాలన్నా దసరా సెలవుల్లో మొదలుపెట్టి, వానకూ వానకూ మధ్య దొరికే తెరిపిలో పని ముగించుకోవాలి.

ఈ సారి మేము పని మొదలుపెట్టిన రోజే మా చిన్నవాడు ఒక గోనెసంచి చంకలో పెట్టుకొని వచ్చాడు. సంచిలో రెండు నెలల కుక్కపిల్ల. వెనుకవీధిలో దాని తల్లి లారీ కింద పడిందట. అప్పటికే వాడు దానికి టైగర్ అని పేరు కూడా పెట్టేశాడు. మా జేజి దాన్నీ, వసారాలో ఉన్న సిమెంటు మూటలనూ ఒకసారి చూసి, “పెండ్లికి పోతా పిల్లిని చంకన బెట్టుకోని పొయ్యినట్టుంది మీ యవ్వారం” అన్నది. మేము నవ్వి ఊరుకున్నాము. ఆమె మాట నిజం కావడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

మొదటి పని మిద్దె. జేజి కాలంలో చౌడుమట్టి మిద్దెలు. ఏటా వానలకు ముందు చౌడు తెచ్చి మిద్దె మీద పరిచేవారు. తడిస్తే అది బిగిసిపోయి నీళ్లను దిగనివ్వదు. మాది సిమెంటు మిద్దె గనుక పగుళ్లను గీకి శుభ్రం చేసి సిమెంటు పూయించాలి. మేస్త్రీ పైకెక్కాడు, వెనకాలే టైగర్ కూడా ఎక్కింది. ఎక్కడం దానికి వచ్చు, దిగడమే రాదు. పై మెట్టు మీద నిలబడి అది మొత్తుకుంటుంటే నాలుగిళ్ల వాళ్లు బయటికి వచ్చారు. దించి వచ్చేలోగా పచ్చి సిమెంటు మీద దాని అడుగులు పడనే పడ్డాయి. మేస్త్రీ తాపీతో సరిచేశాడు. అంతలోనే మళ్లీ పడ్డాయి. కుంచె పిడి కొరికింది. కొలతనూలు ఎత్తుకొని కడప బండల మీద ఇల్లంతా తిరిగింది. ఆ వయసు పిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది, ప్రతిదీ సూదిమొనే. నాలుగో నెల నుండి అవి ఊడి గట్టిపళ్లు వస్తాయి గనుక ఆ కాలంలో కొరకడం ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి తిట్టి ప్రయోజనం లేదు. కొరకదగిన దాన్ని మనమే ఇవ్వాలి. ఎండిన కొబ్బరిపీచు ముక్క ఒకటి పడేస్తే అర్ధగంట మన జోలికి రాదు.

ఇంతవరకు నవ్వుకొనే సంగతులు. రెండో పని సున్నం.

రంగు డబ్బాలు వచ్చాక కూడా మేము వెనుక గదులకు సున్నమే కొట్టిస్తాము. సున్నపురాళ్లను కుండలో వేసి నీళ్లు పోస్తే తెర్లుతుంది. రాత్రంతా నానిన తరువాత గుడ్డతో వడగట్టి కాస్త గంజి, కాస్త నీలిమందు కలుపుతాము. గోడకెక్కాక గాలి తగిలి అది తిరిగి రాయిలాగా గట్టిపడుతుంది. గోడ మీద ఎంత మంచిదో కంట్లో అంత చెడ్డది. ఆ రోజు కుండ మూత తీసి గుడ్డ కోసం ఇంట్లోకి వెళ్లి వచ్చేంతలో టైగర్ కుండ అంచు మీద కాళ్లు వేసింది. కుండ దొర్లింది. ముఖమంతా సున్నంతో అది గిరగిరా తిరుగుతూ పెట్టిన అరుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఒకరు పాలు పిండమన్నారు, ఒకరు ఆముదం అన్నారు, నిమ్మరసం వేస్తే సున్నం విరుగుతుందని మరొకరు చెప్పారు. కుక్కపిల్ల వద్దే వద్దన్న జేజి వాళ్లందరినీ తోసుకొని వచ్చి దాని తల ఒడిలో పట్టుకొని కూర్చుంది. “నీళ్లు పొయ్యండి, నీళ్లే పొయ్యండి, ఇంకేమీ పుయ్యొద్దు” అని అరిచింది. ఆమె అన్నకు చిన్నప్పుడు సున్నపు బట్టీ దగ్గర ఒక కన్ను పోయింది. ఆ రోజు ఎవరో ఏదో పూశారట. ఆ సంగతి మేము పెండ్లయిన ఇన్నేండ్లలో మొదటిసారి విన్నాము. చిన్నవాడు కాళ్లు పట్టుకున్నాడు. మేము చెంబు తరువాత చెంబు, ఇరవై నిమిషాలు ఆపకుండా పోశాము. పశువుల డాక్టరుగారు చూసి, కన్ను నిలిచేది ఆ నీళ్ల వల్లనే అన్నారు. సున్నం లాంటి క్షారం ఆమ్లం కంటె లోతుకు దిగుతుందట, నిమ్మరసం పోసి ఉంటే పుండు మీద పుండయ్యేదట. మనుష్యులకైనా ఇదే పద్ధతి. మొదట నీళ్లు, ఆ తరువాత ఆలస్యం చేయక ఆసుపత్రి.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాము. మూడోనాడు చిన్నవాడు ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. కుడిచేయి వెనక్కి పెట్టుకున్నాడు. లాగి చూస్తే బొటనవేలి కింద రెండు గాట్లు. నీళ్లు పోసేటప్పుడు నొప్పికి ఓర్వలేక అది కరిచింది. రక్తం వచ్చింది, వాడే గుడ్డతో తుడుచుకున్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే తల వంచుకొని, “చెప్తే దాన్ని వదిలేస్తారు, నాకు బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులేస్తారు” అన్నాడు.

ఆ రెండు మాటలూ వాడు మా నోట విన్నవే. కరిస్తే ఊరవతల వదిలేస్తామని, పధ్నాలుగు సూదులు వేయిస్తామని మేమే, నవ్వుతూనే, వాణ్ణి బెదిరించి ఉన్నాము. బెదిరింపు కుక్కను ఆపలేదు, బిడ్డ నోరు మూయించింది.

వెంటనే గాటును సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాము. పిల్లకుక్కకు కూడా పిచ్చి ఉండవచ్చు. తల్లి ఎటువంటిదో మాకు తెలియదు, టీకా వేయించలేదు. రోగం పైకి కనబడిందంటే మనిషి బ్రతకడం దాదాపు లేదు. అందుకే రెండు రోజులు ఆలస్యమైనా పోవలసిందే. బొడ్డు చుట్టూ వేసే ఆ పాతకాలపు మందు తయారీ మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు భుజాల మీద చర్మంలోకి చిన్న సూదులు, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. రక్తం వచ్చిన కాటు గనుక గాటు చుట్టూ మరొక మందు కూడా వేశారు. వాడు ఏడవలేదు. బయటికి వచ్చాక, “ఇంతేనా?” అన్నాడు. మేము మాట్లాడలేకపోయాము.

టైగర్‌కు మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించాము. సెప్టెంబరు 28, లూయీ పాశ్చర్ 1895లో కన్నుమూసిన తేదీ, ప్రపంచ రేబిస్ దినం. ఆ రోజున పశువుల ఆసుపత్రులలో ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఇంట్లో కుక్క ఉన్నవారు గమనించగలరు.

మిగిలిన పని ఎలా చేశామంటే, ఒకేసారి ఇల్లంతా విప్పుకోలేదు, ఒక్కొక్క గదే. పొద్దున్నే పిల్లలు దాన్ని చెరువుకట్ట దాకా పరుగెత్తించి తెచ్చి కడుపునిండా పెడితే పది గంటలకల్లా పడి నిద్రపోతుంది. కుక్కపిల్లలకు దినంలో ముప్పాతిక వంతు నిద్రే గనుక బరువైన పనులన్నీ ఆ నిద్రలోనే ముగించాము. గడపకు అడ్డంగా పాత బల్లచెక్క. సున్నం, టర్పెంటైను, ఎలుకలమందు అటక మీదికి. కుండకు మూత, మూత మీద రాయి. దాని మీద కన్నేసి ఉంచడమే ఒకరి పని. ఆ పని జేజి అడిగి తీసుకుంది.

ఇప్పుడు దాని ఎడమ కంటి మూల చిన్న తెల్లమచ్చ ఉంది, చూపు బాగానే ఉంది. మిద్దె మీద అడుగులు నాలుగు ఎండిపోయి అలాగే ఉన్నాయి, చెరపవద్దని చిన్నవాడు మేస్త్రీతో చెప్పుకున్నాడట. ముందుగది తూర్పు గోడకు రెండో పూత ఇంకా పడలేదు. వాన తెరిపిస్తే ఈ శనివారం.