బాటిల్ వీడియో గురించి మేము చెప్పిన తప్పు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

పోయిన ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలకు ఒక వీడియో చూపించాం. ప్లాస్టిక్ బాటిల్లో చిన్న వెలుగు ముద్ద అడుగు నుంచి మూత దాకా మెల్లగా పోతుంటుంది. మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. "సెకనుకు లక్ష కోట్ల ఫొటోలు తీసే కెమెరా, పరుగెత్తే వెలుగును ఒక్క దెబ్బకు పట్టేసింది" అని గట్టిగా చెప్పేశాం. ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి, "వెలుగు మన కంట్లోకి వస్తేనే కదా కనబడేది, పక్కనుంచి పోయేది ఎట్ల కనబడ్డది?" అని అడిగింది. టైమైంది, కూర్చోమన్నాం. నిజం చెప్పాలంటే మాకు జవాబు తెలియలేదు.

ఇంటికొచ్చి చదువుకున్నాం. ఆ పిల్ల అడిగింది సరైన మాట. బాటిల్లోంచి నేరుగా పోయే వెలుగు కెమెరాకు కనబడదు. దారిలో దేనికో తగిలి పక్కకు చెదిరిన కొంచెం వెలుగే కనబడుతుంది. తలుపు సందులోంచి పడే ఎండ దుమ్ము ఉంటేనే గీతలాగా కనబడ్డట్టు.

"ఒక్క దెబ్బకు" అన్నది ఇంకా పెద్ద తప్పు. 2011లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబులో రమేశ్ రాస్కర్ బృందం తీసిన వీడియో అది. వాళ్లు వాడిన స్ట్రీక్ కెమెరా ఒక విడతలో దృశ్యంలోని ఒక్క అడ్డగీతనే పట్టగలదు. సాంచెల చప్పుడులో పెరిగిన మన సోలాపూర్ వాళ్లకు ఇది చెప్పడం తేలిక. నాడె ఒకసారి అటు పోతే పడేది ఒక్క పేకే, చద్దర్ కాదు. లేజరును మళ్లీ మళ్లీ, లక్షల సార్లు కొడుతూ, అద్దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ, గీత తర్వాత గీత పేర్చి కంప్యూటర్లో ఆ బొమ్మ నేశారు. వెలుగు బాటిల్ దాటడానికి పట్టేది దాదాపు ఒక నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అది చూపించే సమాచారం పోగు చేయడానికి దాదాపు గంట! రాస్కరే దీన్ని ప్రపంచంలో అన్నిటికన్నా నెమ్మదైన వేగపు కెమెరా అని నవ్వుతూ చెప్పుకున్నాడు. చెప్పుకున్నవాడికి లేని మొహమాటం ఫార్వర్డ్ చేసే మనకెందుకు?

నిజంగా ఒకే లేజర్ దెబ్బతో పట్టే పద్ధతి తర్వాత వచ్చింది. 2014లో లిహాంగ్ వాంగ్ బృందం సెకనుకు పదివేల కోట్ల ఫ్రేముల కెమెరా చూపించింది. లేజరునైతే మళ్లీ కొట్టొచ్చు గానీ, ఒక్కసారే జరిగిపోయే సంగతిని మళ్లీ జరిపించలేం. అందుకే దాని అవసరం వచ్చింది.

"చిన్న పిల్లలకు ఇంత లోతు ఎందుకు, ఆశ్చర్యపడితే చాలు" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. గౌరవంతోనే చెప్తున్నాం, మేము ఒప్పుకోం. ఎట్ల చేశారో చెప్తే ఆశ్చర్యం తగ్గదు, మాకైతే పెరిగింది. పైగా మన పిల్లలు సైన్సు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. తెలుగులో వినేది మన క్లాసులోనే. అక్కడ కూడా ఫార్వర్డ్ మాటలే వినిపిస్తే, తెలుగు అంటే కథలకూ పాటలకే అనుకుంటారు.

ఇంకో మాట. రాస్కర్ నాసిక్‌లో పెరిగి పుణెలో ఇంజనీరింగ్ చదివినవాడు, మన మహారాష్ట్ర వాడని సంతోషిద్దాం. కానీ ఆ పనిలో ఆండ్రియాస్ వెల్టెన్, మౌంగి బావెండి లాంటివాళ్ల చెమట కూడా ఉంది. ఆ పేర్లూ పిల్లలకు చెప్పాలి.

ఈ ఆదివారం క్లాసు ఆ పిల్ల ప్రశ్నతోనే మొదలుపెడతాం. ఎవరింట్లోనైనా పాత చేతిమగ్గం నడిచే స్థితిలో ఉంటే కింద కామెంటులో చెప్పండి, పిల్లల్ని తీసుకొస్తాం.