పలచబడితే గుణం మారుతుందా?

పలచటి తెర కంటే మందపాటి తెర వెలుగును ఎక్కువ ఆపుతుంది. ఇది మనందరికీ తెలిసిందే. కానీ సిలికాన్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది!

మన కంటికి సిలికాన్ బిళ్ళ బూడిదరంగు అద్దంలా కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఫైబర్‌లో పరిగెత్తే 1550 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతికి మాత్రం అదే బిళ్ళ గాజులాంటిది. సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను పైమెట్టు ఎక్కించాలంటే సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఆ కాంతి దగ్గర ఉన్నది 0.8 మాత్రమే. అందుకే బిళ్ళ ఎంత మందంగా ఉన్నా అది దాటిపోతుంది.

సరే, ఆ సిలికాన్‌నే ఒక్క పరమాణువు మందం రేకుగా చేస్తే? దాని పేరు సిలిసీన్. కార్బన్‌కి గ్రాఫీన్ ఎలాగో, సిలికాన్‌కి ఇది అలాగన్నమాట. గ్రాఫీన్ చదునుగా ఉంటుంది, ఇందులో మాత్రం పరమాణువులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. ఇందులో ఎలక్ట్రాన్ ఎక్కాల్సిన మెట్టు దాదాపు ఉండదు. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ కూడా దానికి ఆహారమే.

ఎంత మింగుతుంది? గ్రాఫీన్ విషయంలో 2008లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు కొలిచి చూశారు: పడిన కాంతిలో 2.3 శాతం. పై విలువను 137తో భాగిస్తే వచ్చేదీ దాదాపు ఇంతే. ఆ లెక్కలో కార్బన్ ఊసే లేదు! తక్కువ శక్తి ఇన్‌ఫ్రారెడ్‌లో సిలిసీన్‌కీ అదే అంకె రావాలని సిద్ధాంతం చెబుతోంది.

చిక్కల్లా ఇక్కడే. 2012లో సిలిసీన్‌ని పెంచింది వెండి మీద. వెండి దాన్ని ఊరికే మోయదు, గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఎలక్ట్రాన్ల తీరే మారిపోతుంది. పోనీ విడదీద్దామంటే గాలి తగిలితే నిలవదు. 2015లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దీనితో ట్రాన్సిస్టర్ చేసి చూపించారు. గాలిలో అది బతికింది కొద్ది నిమిషాలే.

అందుకే 'అద్భుత పదార్థం' అని వార్త వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ అంకె కొలిచిందా, లెక్కగట్టిందా? కొలిస్తే, దేని మీద పెట్టి కొలిచారు? ఒక్క పరమాణువు మందం వస్తువుకి కింద ఉన్న పీట కూడా సగం గుణమే మరి.